విభూతి, నామం, సజ్దా మచ్చ: కృష్ణకూ గుండ్లకమ్మకూ నడుమ నుదుటి గుర్తుల చరిత్ర

కృష్ణానది దక్షిణపు ఒడ్డున ఉన్న అమరావతి మొదలుకొని గుండ్లకమ్మ దాటి ఒంగోలు వరకు పరచుకున్న నల్లరేగడి నేల నేడు పత్తికీ మిరపకూ పేరుపడింది. 1904లో ఏర్పడిన గుంటూరు జిల్లాలో చాలాకాలం భాగంగా ఉన్న ఒంగోలు ప్రాంతం 1970లో వేరు జిల్లాకు కేంద్రమై, ఆ జిల్లా 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మార్చుకోవడంతో ఒకే సీమ పాలనలో రెండుగా విడిపోయింది గాని, పంటలోనూ పలుకుబడిలోనూ ఆచారాల్లోనూ ఆ విభజన పెద్దగా కనిపించదు. మతచరిత్ర వైపు నుంచి చూసేవారికి ఈ సీమ ఒక ప్రత్యేక సౌకర్యం కల్పిస్తుంది: శైవుల అడ్డబొట్టు, వైష్ణవుల నిలువునామం, గృహిణి కుంకుమ, నమాజు చేసే ముసల్మాను నుదుటి మచ్చ, ఉరుసులో పంచే గంధం, ఇవన్నీ ఒక్కొక్క ఊళ్లోనే పక్కపక్కన దొరుకుతాయి. వీటి ఆధ్యాత్మికార్థాన్ని గ్రంథాల నుంచి మాత్రమే వివరించే పద్ధతి ఒకటి ఉంది. అది అవసరమే, కాని చాలదు, ఎందుకంటే ఏ నుదుటిపై ఏ గుర్తు ఎప్పుడు నిలిచింది, ఎప్పుడు చెరిగింది అనే విషయాన్ని గ్రంథాలకంటే ఊళ్లూ వృత్తులే ఎక్కువగా నిర్ణయించాయి.

కాలక్రమంలో మొదట నిలిచేది బౌద్ధుల ఊర్ణ. బుద్ధుని శరీరానికి చెప్పిన 32 మహాపురుష లక్షణాల్లో కనుబొమల నడుమ తెల్లని రోమవలయం ఒకటి. దానినే ఊర్ణ అంటారు. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో బుద్ధుణ్ణి పాదముద్రలుగా, ఖాళీ ఆసనంగా సూచించే దశ నుంచి మానవరూపంలో చెక్కే దశకు వచ్చినప్పుడు ఇలాంటి లక్షణాలు శిల్పశాస్త్రంలో ముఖ్యమయ్యాయి. ఊర్ణ ఎవరూ పెట్టుకునే గుర్తు కాదు, జన్మతో వచ్చే లక్షణం. అందుచేత తరువాతి తిలకాలకు అది మూలమని చెప్పడానికి ఆధారం లేదు. కనుబొమల నడిమి చోటు జ్ఞానానికి స్థానమన్న భావం మాత్రం ఈ సీమలో పాతదే.

శైవుల గుర్తు సంగతి వేరు; అది పుట్టుకతో వచ్చేది కాదు, దీక్షతో వచ్చేది. ఆవుపేడను ఎండబెట్టి కాల్చగా వచ్చిన బూడిదను భస్మమనీ విభూతి అనీ అంటారు. దానిని నుదుటిపై మూడు అడ్డగీతలుగా ధరించడం త్రిపుండ్రం. ఈ మూడు గీతల అర్థాన్ని చెప్పడానికే కాలాగ్నిరుద్రోపనిషత్తు అనే చిన్న గ్రంథం ఉంది. అది ఒక్కొక్క గీతకు ఒక్కొక్క యజ్ఞాగ్నిని, ఓంకారంలోని ఒక్కొక్క అక్షరాన్ని, ఒక్కొక్క గుణాన్ని, ఒక్కొక్క వేదాన్ని, ఒక్కొక్క లోకాన్ని జతచేస్తుంది. అంటే యజ్ఞశాలలో మూడు అగ్నులు నిలిపి చేసే కర్మ అంతటినీ, ఆ అగ్నులు లేని మనిషి కూడా తన నుదుటిమీద మోయవచ్చునని దాని తాత్పర్యం. యజ్ఞం చేయించగల స్తోమత, అధికారం కొందరికే ఉన్న సమాజంలో ఇది సామాన్యమైన మాట కాదు. కాలి మిగిలినదే బూడిద కనుక, దేహం చివరికి ఏమవుతుందో అది రోజూ గుర్తుచేస్తుందన్న వైరాగ్యార్థం దీనికి తోడయింది. పాశుపతులనే శైవ శాఖవారు రోజుకు మూడుసార్లు భస్మస్నానం చేయడం వ్రతంగా పాటించారు.

గుంటూరు సీమలో ఈ బూడిద చరిత్ర సౌమ్యంగా నడవలేదు. 12వ శతాబ్దపు శైవాచార్యుడు మల్లికార్జున పండితారాధ్యుడు వెలనాటి చోడుల రాజధాని చందవోలుకు వచ్చి బౌద్ధులతో వాదించాడనీ, వాదం హింసగా మారి బౌద్ధాచార్యుడు హతుడయ్యాడనీ, ఆగ్రహించిన రాజు పండితారాధ్యుని కళ్లు తీయించాడనీ పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్ర చెబుతుంది. భక్తుల మహిమను చాటడానికి రాసిన గ్రంథం కనుక ఇందులోని వివరాలను యథాతథంగా చరిత్రగా తీసుకోలేము. అయినా విభూతి ధరించడమంటే ఒక పక్షం వహించడమేనన్న స్థితి ఆ కాలంలో ఏర్పడిందని దీనినిబట్టి ఊహించవచ్చు. మరొక ముఖం 1261 నాటి మల్కాపురం శాసనంలో కనిపిస్తుంది. కాకతి గణపతిదేవునికి దీక్షాగురువైన విశ్వేశ్వర శివాచార్యునికి రుద్రమదేవి మందడం, వెలగపూడి గ్రామాలను సమర్పించగా, గోళకీ మఠ సంప్రదాయానికి చెందిన ఆయన ఆ ఆదాయంతో ఆలయాన్నీ, విద్యార్థులకు మఠాన్నీ, ప్రసూతిశాలనూ, వైద్యశాలనూ, బ్రాహ్మణుల నుంచి చండాలుర వరకు అందరికీ అన్నం పెట్టే సత్రాన్నీ నడిపే ఏర్పాటు చేశాడని ఆ శాసనం తెలుపుతుంది. వాదంలో కత్తి దూసిన విభూతే ఇక్కడ గంజి పోసింది. రెండింటినీ కలిపి చూడని శైవచరిత్ర ఏదైనా సగం చరిత్రే.

వైష్ణవుల నిలువు గుర్తును ఊర్ధ్వపుండ్రం అంటారు. తెలుగులో అది నామం. రామానుజుల తరువాత స్థిరపడిన శ్రీవైష్ణవ దీక్షలో భుజాలపై శంఖచక్రాల ముద్ర, నుదుట పుండ్రం, దాస్యనామం, మంత్రం, ఆరాధన అనే ఐదు సంస్కారాలు ఉన్నాయి, వాటిలో పుండ్రం రెండోది. తిరుమణి అనే తెల్లమట్టితో గీసే రెండు నిలువుగీతలు విష్ణుపాదాలు. నడుమ శ్రీచూర్ణంతో దిద్దే ఎర్రని లేదా పచ్చని గీత లక్ష్మి. కేశవాది పన్నెండు నామాలు చెబుతూ శరీరంపై పన్నెండు చోట్ల వీటిని ధరించడం సంపూర్ణ విధానం. గీతల కింద, ముక్కు మొదట, పాదపీఠం ఉండాలా అక్కరలేదా అన్న భేదం తెంగలై, వడగలై శాఖలను విడదీసి, కంచిలో తరాల తరబడి కోర్టు వ్యాజ్యాలకు దారితీసింది. దేవుని పాదాలకు తల ఒగ్గానని చెప్పే గుర్తే ఇలా తల ఎగరేయడానికి కారణమైందన్న వైచిత్రిని ఆ శాఖల పెద్దలే గుర్తించకపోలేదు.

పల్నాటిలో నామానికి మరొక అర్థం వచ్చింది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని తెలుగువారు దాయాదుల పోరుగా చెప్పుకున్నా, వీరగాథల సంప్రదాయం మాచర్ల పక్షాన బ్రహ్మనాయుణ్ణి చెన్నకేశవుని భక్తుడిగానూ, గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మను శైవురాలిగానూ నిలిపింది. అన్ని కులాలవారిని ఒకే చాపపై కూర్చోబెట్టి భోజనం పెట్టిన చాపకూడు బ్రహ్మనాయుని పేరనే నిలిచింది. మాల కులస్థుడైన కన్నమదాసును ఆయన కొడుకుగా చేరదీశాడని గాథ. శ్రీనాథుడు ద్విపదలో రాసే నాటికి, అంటే 15వ శతాబ్దానికి, ఈ కథ అప్పటికే పాటగా నడుస్తోంది. ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్న చర్చ అలా ఉంచి, కులాన్ని దాటే గుర్తుగా నామాన్ని పల్నాటి ప్రజలు ఊహించుకున్నారన్నది ముఖ్యం. కారెంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవాలు ఆ ఊహను నేటికీ బతికించి ఉంచాయి. పత్తి పండిన ఈ నేలలో చీరాల, మంగళగిరి మగ్గాల మధ్య కూడా విభూతికీ నామానికీ చోటు వేరువేరుగా ఉండేది. సంక్రాంతి నెలలో నామం దిద్దుకుని అక్షయపాత్రతో వచ్చే హరిదాసుకూ, విభూతి పూసుకుని గంట మోగించే జంగం దేవరకూ ఒకే గడపలో బియ్యం పోయడానికి మాత్రం ఏ ఇల్లాలూ వెనుకాడలేదు.

స్త్రీల కుంకుమ బొట్టును ఈ రెండింటితో కలిపి చెప్పడం వల్ల చాలా గందరగోళం పుట్టింది. బొట్టు పెట్టే చోటు ఆజ్ఞాచక్ర స్థానమనీ, అక్కడి శక్తిని కాపాడటానికే బొట్టు అనీ నేడు విరివిగా చెబుతారు. ఆజ్ఞాచక్రం తాంత్రిక యోగశాస్త్రానికి చెందిన నిజమైన భావనే గాని, పల్లె ఇల్లాలు బొట్టు పెట్టుకున్నది ఆ శాస్త్రం చదివి కాదు. ఆమె దృష్టిలో బొట్టు ఐదోతనానికి, అంటే భర్త బతికి ఉన్న స్త్రీ శుభస్థితికి, గుర్తు. పసుపు, కాటుక, గాజులు, మట్టెలు, తాళి దాని తోడివి. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టడం, పేరంటానికి బొట్టు పెట్టి పిలవడం, ఏరువాక పున్నమికి ఎద్దుల నుదుట, దసరాకు కాటాలకూ లెక్కల పుస్తకాలకూ బొట్టు పెట్టడం చూస్తే, శుభాన్ని ఆహ్వానించి కీడును ఆపే గుర్తుగానే దాని వాడుక విస్తరించిందని తెలుస్తుంది. కుంకుమ ముడిసరుకు ఈ సీమదే: దుగ్గిరాల పసుపు మార్కెట్టుకు చేరే కొమ్ముల వంటివాటినే నిమ్మరసం, పటిక, వెలిగారం కలిపి నానబెట్టి, ఎండబెట్టి, దంచితే పసుపు ఎర్రబారి కుంకుమ అవుతుంది. కుంకుమతో పాటు, సగ్గుబియ్యం మాడ్చి కొబ్బరిచిప్పలో తయారుచేసే నల్లని చాదు కూడా స్టిక్కర్లు వచ్చేదాకా ఇళ్లలో నడిచింది.

ఐదోతనపు గుర్తు కావడం వల్లనే ఇది వితంతువుల పట్ల క్రూరమైన గుర్తు కూడా అయింది. భర్త చనిపోయిన స్త్రీ నుదుట బొట్టు చెరిపి, ఆమెను శుభకార్యాలకు దూరం పెట్టిన ఆచారం అగ్రకులాల్లో మరీ బలంగా ఉండేది. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు వితంతు వివాహాలకు పూనుకుని, 1922లో గుంటూరులో శారదానికేతనం స్థాపించి స్త్రీలకు చదువు చెప్పడాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. విభూతికీ నామానికీ ఉన్నంత తాత్త్విక వ్యాఖ్యానం బొట్టుకు లేకపోయినా, దాని చుట్టూ జరిగినంత సంఘసంస్కరణ ఆ రెండింటి చుట్టూ జరగలేదు.

ఇస్లాంలో నుదుటి గుర్తు పూర్తిగా వేరే తోవలో వచ్చింది. అక్కడ నుదుటిపై పూయవలసిన ద్రవ్యం ఏదీ లేదు. నుదుటిని నేలకు ఆనించడమే విధి. దానిని సజ్దా అంటారు. నుదురు, ముక్కుతో పాటు రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వేళ్లు నేలను తాకితేనే సజ్దా పూర్తవుతుంది. రోజుకు ఐదు పూటల ఫర్జ్ నమాజులో, అంటే తప్పనిసరిగా చేయవలసిన ప్రార్థనలో, 17 రకాతులు ఉంటాయి; రకాతు అంటే నిలబడటం, వంగడం, సాష్టాంగపడటం కలిసిన ఒక ఆవృత్తి. ఒక్కో రకాతుకు రెండు సజ్దాలు కనుక తప్పనిసరి నమాజుతోనే నుదురు రోజుకు 34 సార్లు నేలను తాకుతుంది. ఏళ్ల తరబడి ఇలా చేసే కొందరికి చర్మం మందమై నల్లని మచ్చ ఏర్పడుతుంది. ఈజిప్టులో దీనిని ఎండుద్రాక్ష అనే అర్థంలో జబీబా అంటారు. ఆ దేశాధ్యక్షుడు అన్వర్ సాదాత్ నుదుటి మచ్చ ఫోటోల ద్వారా లోకమంతటికీ తెలిసింది.

ఈ మచ్చకు ఆధారంగా చెప్పేది ఖురాన్‌లో 48వ అధ్యాయమైన అల్-ఫత్‌హ్ చివరి వాక్యం. విశ్వాసుల ముఖాలపై సజ్దాల ఛాయ ఉంటుందని దాని భావం. అయితే తొలితరం వ్యాఖ్యాతలే దీనిని పలువిధాలుగా అర్థం చేసుకున్నారు. వినయమూ సత్ప్రవర్తనా ముఖంలో కనబడటమేనని కొందరు, ప్రళయదినాన ముఖంపై వెలిగే కాంతి అని కొందరు, నేల తాకినప్పుడు అంటుకునే మట్టి అని కొందరు అన్నారు. రంజాను మాసపు ఒక రాత్రి వాన కురిసి మసీదు నేల తడిసినప్పుడు, నమాజు ముగించిన ప్రవక్త నుదుట బురద అంటి ఉండటాన్ని చూసినట్లు ఆయన సహచరుడు అబూ సయీద్ అల్-ఖుద్రీ చెప్పిన హదీసు, అంటే ప్రవక్త గురించిన ఉల్లేఖనం, ప్రసిద్ధం. మచ్చ కావాలని నుదురు రాపాడించుకోవడాన్ని మాత్రం పెద్దలు రియా అన్నారు, అంటే భక్తిని ప్రదర్శనకు పెట్టడం. అది ఆరాధన ఫలాన్నే పోగొట్టే దోషం. షియాలు కర్బలా మట్టితో చేసిన బిళ్లపై నుదురు ఆనిస్తారు. అక్కడ సజ్దాకు, కర్బలాలో ప్రాణమిచ్చిన ప్రవక్త మనవడు హుసేను త్యాగస్మృతి తోడవుతుంది.

హిందువు గుర్తు పెట్టుకుని పూజకు కూర్చుంటాడు, ముసల్మానుకు నమాజు చేయగా చేయగా గుర్తు పడుతుంది. ఒకటి సంకల్పం, మరొకటి ఫలితం. ఇంత భేదం ఉన్నా రెండు సంప్రదాయాల్లోనూ ఆచార్యులు ఒకే అనుమానంతో గుర్తును కనిపెట్టి చూశారు. కొండవీడుతో జనశ్రుతి ముడిపెట్టే వేమన, మనసు శుద్ధి కాకుండా బూడిద పూసుకునేవారిని దుయ్యబట్టినది ఆ అనుమానంతోనే. రియా మీద ముస్లిం పెద్దల హెచ్చరికకూ వేమన కోపానికీ మూలం ఒకటే: పైకి కనిపించే గుర్తు లోపల లేనిదానికి సాక్ష్యం చెప్పగలదన్న భయం.

16వ శతాబ్దం చివరి పాదంలో కొండవీడు గోల్కొండ కుతుబ్‌షాహీల వశమై ముర్తజానగరుగా పేరు మారిన తరువాత ఈ సీమ చాలాకాలం ముస్లిం పాలకుల చేతిలో ఉండి, 1788లో గుంటూరు సర్కారు ఈస్టిండియా కంపెనీ అధీనంలోకి వెళ్లింది. అయితే పల్లె జనానికి ఇస్లాం దగ్గరైనది కోటల ద్వారా కన్నా దర్గాల ద్వారా. గుంటూరులో మస్తాన్ దర్గా, పెదకాకానిలో బాజీబాబా దర్గా ఉరుసులకు అన్ని మతాలవారూ వస్తారు. ఉరుసు అంటే వలీ, అంటే సిద్ధపురుషుడు, భగవంతునిలో కలిసిన రోజు. అందులో సందల్ అనే గంధోత్సవం ముఖ్యం. అరగదీసిన గంధాన్ని ఊరేగింపుగా తెచ్చి సమాధికి అలదిన తరువాత భక్తులకు పంచుతారు. దానిని హిందువు అలవాటుగా నుదుట పెట్టుకుంటాడు, ముసల్మాను మెడకో గుండెకో రాసుకుంటాడు. పీర్ల పండుగలో గుండం చల్లారాక తీసే బూడిదకూ ఇదే వరస. దానిని నుదుట ధరించేవారికి అది విభూతా, కాదా అన్న సందేహం ఎన్నడూ రాలేదు. మొక్కు ఫలించి పుట్టిన హిందూ పిల్లలకు మస్తాన్‌రావు, మస్తానయ్య, బాజీ వంటి పేర్లు పెట్టుకోవడం ఈ సీమలో మామూలు. తౌహీదును, అంటే దేవుని ఏకత్వాన్ని, కచ్చితంగా పాటించే ఉలేమాకు, అంటే మతపండితులకు, ఈ ఆచారాలు ఎప్పుడూ రుచించలేదన్నదీ నిజమే.

ఈ రెండు లోకాల నడిమి గడప మీద నిలిచినవారు దూదేకులవారు. పత్తి గింజ తీసి, విల్లుతో దూది ఏకి, పరుపులు కుట్టడం వారి కులవృత్తి. నూర్‌బాషాలనీ, పింజారులనీ, లద్దాఫులనీ వారికి పేర్లున్నాయి. పత్తి పండే ఊరు ఏదైనా వారు లేకుండా సాగలేదు కనుక గుంటూరు, ప్రకాశం పల్లెల్లో వారు చెదురుమదురుగా అంతటా స్థిరపడ్డారు. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం వారిని రెండు మతాల ఆచారాలూ కలిసిన ముస్లిం కులంగా వర్ణించింది. వారి ఇంటి భాష తెలుగు. పెళ్లిలో నికాహ్ చదివించినా నల్లపూసలూ తాళీ ఉండేవి. పాతతరం స్త్రీలు చాలాచోట్ల బొట్టు పెట్టుకునేవారు, మగవారు జుమ్మా నమాజుకు వెళ్లేవారు. అంటే ఒకే ఇంట్లో భార్య నుదుట కుంకుమ, భర్త నుదుట సజ్దా మచ్చ ఉండటానికి అవకాశం ఉండేది. బయటివారు దీనిని కలగాపులగమన్నారు. అటు ఉర్దూ మాట్లాడే ముసల్మానులూ, ఇటు హిందువులూ వారిని తక్కువగా చూశారు. కాని ఆ ఇంటివారికి అందులో వైరుధ్యం కనిపించకపోవడానికి కారణం సులభంగానే తెలుస్తుంది: బొట్టు వారికి దేవుని గుర్తు కాదు, ఐదోతనపు గుర్తు, దేవుని ముందు ఒగ్గిన తల వేరే సంగతి. మతానికీ లోకాచారానికీ మధ్య ఇంత స్పష్టమైన గీత గీసినవారు పండితుల్లోనూ అరుదు.

ఆ స్థితి 20వ శతాబ్దంలో మారింది. 1920లలో ఉత్తరాదిన మేవాత్‌లో మౌలానా ఇలియాస్ ప్రారంభించిన తబ్లీగీ ఉద్యమం, నమాజును క్రమంగా చేయండి, పరాయి ఆచారాలను విడిచిపెట్టండి అంటూ కాలక్రమాన దక్షిణాదికీ చేరింది. దూదేకుల ఇళ్లలో బొట్టు తగ్గి నమాజు పెరిగింది. అంతకు ముందే క్రైస్తవం ఇదే దిశలో పనిచేసింది. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి, ఎక్కువగా మాదిగలకు, బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఘాల్లో బొట్టు లేని నుదురే కొత్త విశ్వాసానికి గుర్తయింది. ఫిరంగిపురం వంటి ఊళ్ల కేథలిక్కులు మాత్రం ఉపవాసకాలం మొదట విభూది బుధవారం నాడు నుదుట బూడిద సిలువ ధరిస్తారు. హిందువుల్లోనూ ఇదే కాలంలో తిలకం సంప్రదాయ భేదాలను వదిలించుకుని, హిందువునని చాటే సామాన్య చిహ్నంగా ఊరేగింపుల్లోకి వచ్చింది. మచ్చయినా తిలకమైనా ఎవరి ముందు తల వంచామో చెప్పడం మాని, ఎవరి పక్షమో చెప్పడం మొదలుపెట్టింది. చందవోలు కథ గుర్తున్నవారికి ఇది కొత్త విషయమేమీ కాదు.

దూదేకులవారిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జాబితా బీసీ-బి వర్గంలో ఉంచింది; ఇతర ముస్లిం వృత్తికులాలకు 2007లో బీసీ-ఇ వర్గం ఏర్పడింది. జిన్నింగు మిల్లులూ, యంత్రపు పరుపులూ వచ్చి ఏకే విల్లు మూలపడగా, ఆ వృత్తితో ముడిపడిన ఆచారాలూ సడలిపోతున్నాయి. విభూతి గురించి తెలుసుకోవడానికి ఉపనిషత్తూ శాసనమూ ఉన్నాయి, సజ్దా గురించి తఫ్సీరులనే ఖురాన్ వ్యాఖ్యానాలూ హదీసులూ ఉన్నాయి. దూదేకుల ఇంటి బొట్టు గురించి మాత్రం వలస పాలకుల కాలపు కులవర్ణనలు, ఇంకా బతికి ఉన్న వృద్ధుల జ్ఞాపకాలు తప్ప చెప్పుకోదగిన ఆధారం లేదు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలోని చరిత్ర విద్యార్థులూ, ఈ జిల్లాల స్థానిక చరిత్రకారులూ శాసనాల కోసం పల్లెలకు వెళ్లినప్పుడు ఆ వృద్ధుల గడపలు కూడా తొక్కి, వారు చెప్పే పెళ్లి, పురుడు, పండుగ వివరాలను వారి మాటల్లోనే రాసిపెట్టవలసి ఉంది.